ఏజెంట్ నుంచి రిజెక్షన్ మెయిల్ వచ్చిందా? అందులో నిజంగా ఏముందో చదువుదాం

హాయ్ అండి, అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళి నుంచి మాట్లాడుతున్నా, కింద రోడ్డు తవ్వుతున్నారు, మధ్యలో గుయ్‌మని సౌండ్ వస్తే ఏమనుకోకండి, మళ్ళీ రికార్డ్ చేసే ఓపిక లేదు. ఈ వీడియో ఎవరికంటే, ఇంగ్లీష్‌లో నవల రాసి, అమెరికాలోనో లండన్‌లోనో లేదా ఇక్కడే ఉన్న ఏజెంట్లకి, అంటే మన పుస్తకాన్ని పబ్లిషర్లకి అమ్మిపెట్టేవాళ్ళకి, నా నవల చూడండి అని క్వెరీ పంపి, నో అనిపించుకున్నవాళ్ళకి. తెలుగులో రాసేవాళ్ళకి ఈ గొడవ పెద్దగా లేదు, పత్రికకో పబ్లిషర్‌కో నేరుగా పంపేస్తాం. పాతరోజుల్లో అయితే స్టాంపులంటించిన కవరు కూడా మనమే జతచేసి, మన కథని మన ఖర్చుతోనే వెనక్కి తెప్పించుకునేవాళ్ళం. ఇప్పుడు మెయిలు, నయమే.

సరే, స్క్రీన్ షేర్ చేస్తున్నా. ఆ, వచ్చింది. ఇవన్నీ నేను టైప్ చేసిన శాంపిల్ మెయిల్స్ అండి, నిజంగా వచ్చినవి వీడియోలో పెట్టడం మర్యాద కాదు, మీరు కూడా స్క్రీన్‌షాట్లు తీసి గ్రూపుల్లో పెట్టకండి.

ముందు జీమెయిల్. ఇక్కడ లేబుల్, ఇక్కడ సెర్చ్, అంతే, ఇది మీకు తెలిసిందే. షార్ట్‌కట్లు ఆన్ చేసుకుంటే ఎల్ కొడితే లేబుల్, ఇ కొడితే ఆర్కైవ్, నాకైతే ఆ ఇ కొట్టడంలో ఒక తృప్తి. స్పామ్ కూడా చూడండి, క్వెరీలు తీసుకునే ఆన్‌లైన్ సిస్టమ్ క్వెరీమేనేజర్‌లో ఫారమ్ నింపి పంపినవాళ్ళకి రిప్లై ఏజెంట్ సొంత మెయిల్ నుంచి కాకుండా ఆ సిస్టమ్ నుంచి రావచ్చు. ఇంకోటి, న్యూయార్క్‌లో పగలంటే మనకి రాత్రి కదా, పడుకునే ముందు ఫోన్‌లో నోటిఫికేషన్ ఆపేయండి, పొద్దున చూసినా ఆ నో ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మెయిల్ ఓపెన్ చేసే ముందు ఒక్కటి చూడండి, ఈ నో దేనికి వచ్చింది. క్వెరీకా, ఫుల్‌కా. క్వెరీ అంటే మీ లెటర్, మహా అయితే మొదటి ఐదో పదో పేజీలు, సినాప్సిస్. అంతే వాళ్ళ చేతిలో ఉన్నది. ఫుల్ అంటే వాళ్ళు అడిగాక పంపే పూర్తి నవల. క్వెరీకి నో అంటే, మీ క్లైమాక్స్ వాళ్ళు చూడనే లేదు, మరి ఆ నో చూసి క్లైమాక్స్ మార్చడమేంటండీ? చాలామంది అదే చేస్తారు.

ఇదిగో మొదటి శాంపిల్. 'నాట్ ది రైట్ ఫిట్ ఫర్ మై లిస్ట్', కిందకి రండి, 'దిస్ ఈజ్ ఎ సబ్జెక్టివ్ బిజినెస్', ఇంకా కిందకి, 'ఐ విష్ యూ ది బెస్ట్'. పసుపు రంగు వేశా చూడండి. ఇది ఫారమ్ లెటర్, అంటే అందరికీ ఒకేలా పంపే రెడీమేడ్ జవాబు. పెళ్ళిచూపులయ్యాక అవతలివాళ్ళు జాతకాలు కలవలేదండీ అని కబురు పెడతారే, అది. జాతకం తీసుకెళ్ళి ఇంకో పంతులుకి చూపించి ఎందుకు కలవలేదో కనుక్కోరు కదా. వాళ్ళకి అలాంటి పుస్తకం ఇప్పటికే ఉండొచ్చు, ఆ జానర్ ఇప్పుడు అమ్మలేకపోవచ్చు, నచ్చకపోవచ్చు కూడా, ఏదో మనకి తెలీదు, ఆ మెయిల్‌లో లేదు.

నేను వాడే పద్ధతి చెప్తా. మెయిల్‌లో ఒక్కో వాక్యం తీసుకుని, ఇది ఇంకొకరి నవలకి కూడా మార్పు లేకుండా పంపొచ్చా అని అడగండి. పంపొచ్చు అంటే కొట్టేయండి. 'డిడ్ నాట్ కనెక్ట్ విత్ ది వాయిస్', పంపొచ్చు, కొట్టేయండి. 'నెల్లూరు చాప్టర్ల తర్వాత కథ చెన్నై వెళ్ళాక నెమ్మదించింది', ఇది పంపలేరు! ఇది మీ పుస్తకం గురించి. మిగిలినవి మాత్రమే చదవండి.

ఇక్కడ ఆగుదాం, ఎందుకంటే నేను చాలా రోజులు తికమకపడింది ఇక్కడే. రెండు శాంపిల్స్ పక్కపక్కన పెడుతున్నా. ఎడమ పక్కది, బాగా మెచ్చుకుని చివర్లో మీ నెక్స్ట్ ప్రాజెక్ట్ చూడ్డానికి ఇష్టపడతా అంది. కుడి పక్కది, పెద్దగా మెచ్చుకోలేదు, మధ్యలో సాగదీశారు, చెల్లెలి పాత్ర మాయమైపోయింది, ఇవి సరిచేస్తే మళ్ళీ చూస్తా అంది. ఏది మంచి మెయిల్? చదవగానే మనసు ఎడమ పక్కకే పోతుంది, తియ్యగా ఉంది కాబట్టి. కానీ ఎడమ పక్కది ఈ నవలకి నో అండి. తలుపు తెరిచే ఉంది, కానీ ఈ నవలకి కాదు, తర్వాతిదానికి. దీన్నే దిద్ది మళ్ళీ పంపితే బాగోదు. కుడి పక్కది చూడండి, దీన్ని ఆర్ అండ్ ఆర్ అంటారు, రివైజ్ అండ్ రీసబ్మిట్. అసలు తలుపు ఇదే. మళ్ళీ చూస్తా అని స్పష్టంగా ఉండాలి, మనం ఊహించుకోకూడదు, ఉంటేనే. ఉంటే వారంలో పంపేయకండి, పైపైన దిద్దారని తెలిసిపోతుంది, నెలలు పట్టినా ఫర్వాలేదు. కాంట్రాక్ట్ మాత్రం కాదు, అన్నీ మార్చాక కూడా నో రావచ్చు. అందుకే ఆ సూచనలు మీకు కూడా సబబుగా అనిపిస్తేనే చేయండి, చెల్లెలు లేకపోవడమే మీ కథ అయితే వదిలేయండి.

ఇదిగో ఇది మూడోది, ఇది రిజెక్షనే కాదు. మేం తీసుకోలేం కానీ మీ నవల అద్భుతం, మా పార్ట్‌నర్ సంస్థలో ఎడిటింగ్ ప్యాకేజీ తీసుకోండి అంటోంది. డిలీట్. ఏజెంట్ సంపాదన అమ్మిన పుస్తకం మీద కమీషన్, సొంత దేశంలో మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులకి 20 దాకా. అమెరికన్ ఏజెంట్ల సంఘం (AALA) తన సభ్యులు చదవడానికి ఫీజు తీసుకోకూడదని నియమం పెట్టింది. చదవడానికి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

ఇప్పుడు షీట్. ఎవరికి పంపాం, ఏం వచ్చింది అని రాసిపెట్టుకునే సైట్ క్వెరీట్రాకర్ బాగుంటుంది, చాలామంది అదే వాడతారు, నాకు మాత్రం గూగుల్ షీట్సే అలవాటు, రంగులు నా ఇష్టం. కాలమ్స్ ఇవే, ఏజెంట్, పంపిన తేదీ, ఏం పంపాం, ఏం వచ్చింది. ఒక్క మెయిల్ చెప్పనిది ఈ కాలమ్ నిలువుగా చూస్తే తెలుస్తుంది. పంపినవాళ్ళలో ఎవరూ పేజీలు అడగలేదా, లెటర్, మొదటి పేజీలు చూసుకోండి, నవల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఫుల్ అడుగుతున్నారు, తర్వాత నో అంటున్నారా, అప్పుడు సమస్య లోపల ఉండొచ్చు, ఇద్దరు ముగ్గురు ఒకే చోట వేలు పెడితే మరీ. అందుకే అందరికీ ఒకేసారి పంపకుండా కొద్దికొద్దిగా పంపమనేది. జవాబే రాకపోతే వాళ్ళ సైట్‌లో చూడండి, ఇన్ని వారాల్లో రిప్లై రాకపోతే నో అనుకోండి అని కొందరు రాసే ఉంచుతారు, ఆ తేదీ దాటితే నేను బూడిద రంగు వేసేస్తా.

రిప్లై ఇవ్వాలా అని అడుగుతారు. ఫారమ్‌కి అక్కర్లేదు. ఫుల్ చదివి నాలుగు మాటలు రాసినవాళ్ళకి ఒక్క లైన్ థాంక్స్ చాలు, ఇదిగో ఇలా, పంపేయండి. ఎందుకు నచ్చలేదో వివరంగా చెప్పమని మాత్రం అడగొద్దు. షీట్ టెంప్లేట్ డిస్క్రిప్షన్‌లో పెడుతున్నా, ఫైల్‌లోకెళ్ళి మేక్ ఎ కాపీ కొట్టుకోండి, ఎడిట్ యాక్సెస్ అడుగుతూ నాకు రిక్వెస్టులు పంపకండి బాబూ.