శబ్దం వెళ్లకూడని చోటు

అందరికీ నమస్కారం.

1974 మార్చి 23న అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కోను ఆనుకుని ఉన్న డేలీ సిటీలో, కౌ ప్యాలెస్ అనే హాల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం కచేరీ చేసింది. వాళ్ల వెనకాల ఆరు వందలకు పైగా స్పీకర్లు, సుమారు 26,400 వాట్ల ఆంప్లిఫయర్లు, మూడంతస్తుల ఎత్తున నిలబడ్డాయి. 'వాల్ ఆఫ్ సౌండ్' అని దాని పేరు. దాని ఊసెత్తితే అందరూ ఈ అంకెలే చెబుతారు. నాకు మాత్రం దాని గొప్పతనం పాడేవాళ్ల ముందున్న మైకుల్లో కనిపిస్తుంది.

అంతకు దాదాపు తొమ్మిదేళ్ల ముందు, 1965 ఆగస్టు 15న, న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. యాభై అయిదు వేల మందికి పైగా జనం. గిటార్లకు వాక్స్ కంపెనీ వంద వాట్ల ఆంప్లిఫయర్లు, గొంతులకు స్టేడియంలో అనౌన్స్‌మెంట్లు చేసే స్పీకర్లు. కేకల్లో పాట మునిగిపోయింది. పాడేవాళ్లకే తమ పాట సరిగా వినపడలేదు.

గ్రేట్‌ఫుల్ డెడ్‌కి సౌండ్ చూసిన ఔస్లీ స్టాన్లీ, ఆయనతో కలిసి పనిచేసిన అలెంబిక్ అనే సౌండ్ కంపెనీ ఇంజనీర్లు ఈ చిక్కును మొదలంటా విప్పారు. వాయించేవాళ్లు వినేదే జనమూ వినాలని స్పీకర్లన్నీ బృందం వెనక్కి తెచ్చారు. ఒక్కో వాద్యానికి ఒక్కో స్పీకర్ల వరస. బేస్ గిటార్‌కైతే నాలుగు తీగలకూ నాలుగు ఛానళ్లు. స్పీకర్లో కదిలే ఒకే పొర (కోన్) మీద డ్రమ్మునీ గొంతునీ కలిపి పంపితే, డ్రమ్ము దెబ్బకు గొంతు చెదురుతుంది. విడదీస్తే ఆ గోల ఉండదు.

అయితే స్పీకర్ ఎదురుగా మైకు పెడితే ఏమవుతుందో మన దగ్గర ఒక్కసారి స్టేజి ఎక్కినవాళ్లకైనా తెలుసు. కీచుమంటుంది. ఇక్కడ వందల స్పీకర్లు నేరుగా మైకుల వైపే తిరిగి ఉన్నాయి. దానికి వాళ్లు ఒక్కో గాయకుడి ముందు రెండేసి మైకులు పెట్టారు, ఒకదాని కింద ఒకటి, మధ్య 6 సెంటీమీటర్ల ఎడం. కింది మైకు సిగ్నల్‌ని తలకిందులు చేసి పై మైకు సిగ్నల్‌తో కలిపారు. వెనకనుంచి వచ్చే శబ్దం రెండింటికీ ఇంచుమించు ఒకేలా చేరుతుంది కనుక కొట్టుకుపోతుంది. గాయకుడు పై మైకుకు పెదవులు ఆనించి పాడతాడు కనుక అతని గొంతు మిగులుతుంది. చూడండి, ఎంత చక్కటి తీసివేత!

నష్టమూ ఉంది. గొంతు కాస్త పలచబడేది. నోరు మైకుకు ఏమాత్రం ఎడమైనా పాట పోయేది. ఇక డెబ్బై టన్నులకు పైబడిన సామాను ఊరూరా మోయడం ఎవరి తరం? ఆ అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని వింటర్‌లాండ్ హాల్లో చేసిన కచేరీలతో ఆ గోడ పని అయిపోయింది. అయినా దాన్ని ఓడిపోయిన ప్రయోగం అంటే నేను ఒప్పుకోను. శబ్దం ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడికి వెళ్లకూడదు అని తేల్చుకున్నాకే స్పీకర్ బాక్సులు లెక్కపెట్టాలని నేను నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

ఇవాళ స్టేజికి అటూ ఇటూ వేలాడే లైన్ అర్రేలు, అంటే ఒకదాని కింద ఒకటి నిలువుగా పేర్చిన స్పీకర్ బాక్సులు, ఆ ప్రశ్నకే ఇంకో జవాబు. విడి బాక్సు శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) తగ్గుతుంది. 10 మీటర్లలో ఉన్నవాళ్ల కంటే 80 మీటర్లలో ఉన్నవాళ్లకు 18 డెసిబెల్స్ తక్కువ. నిలువు వరస ఒక్కటిగా పనిచేస్తే, కొంత దూరం దాకా రెట్టింపుకు 3 డెసిబెల్సే పోతాయి, పైకప్పుకీ తగలదు. చిక్కల్లా ట్రెబుల్‌తోనే, అంటే సన్నని శబ్దాలతోనే. వరస ఒక్కటిగా పనిచేయాలంటే బాక్సుల మధ్య ఎడం అల పొడవు కంటే తక్కువ ఉండాలి. 10,000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు కూడా లేదు, బాక్సుల్ని అంత దగ్గరగా పేర్చలేం. ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్రం చదివిన క్రిస్టియన్ హైల్, డ్రైవర్ నుంచి బయటికి వచ్చే దారులన్నీ సమాన పొడవుండేలా లోపలి గొట్టాన్ని మలిచాడు. దాంతో ప్రతి బాక్సు నోటి నుంచీ అల చదునుగా వస్తుంది, పక్కదాని అలతో అతుకుతుంది. 1992లో వచ్చిన ఆయన లైన్ అర్రే 'వి-డాస్క్' తర్వాత పెద్ద కచేరీల రూపమే మారింది.

ఇక సబ్‌లు, అంటే లోతైన బేస్ శబ్దాల కోసమే ఉండే సబ్‌వూఫర్ స్పీకర్లు. 50 హెర్ట్జ్ అల దాదాపు 7 మీటర్లు. బాక్సును ఎటు తిప్పినా అది చుట్టూ పాకి, స్టేజి మీదికొచ్చి ప్రతి మైకులోనూ దూరుతుంది. అందుకే మూడు సబ్‌లు పేర్చి ఒకదాన్ని వెనక్కి తిప్పుతాం. దాని సిగ్నల్‌ని తలకిందులు చేసి, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా పంపుతాం. వెనక వైపు కొట్టుకుపోతుంది, ముందు వైపు కలుస్తుంది. 1974లో మైకుల దగ్గర జరిగిన తీసివేత ఇప్పుడు స్పీకర్ల దగ్గర జరుగుతోంది. బాక్సు వెనక్కి తిరిగి ఉందేంటి, డబ్బు దండగ కదా అని కార్యక్రమం పెట్టినవాళ్లు అడుగుతుంటారు. ముందు వైపు కాస్త బలం తగ్గే మాట నిజమే. కానీ గాయని మైకులోకి బేస్ రాకపోతే ఆమె గొంతును ఇంకా పైకి తేవచ్చు. జనం వచ్చింది ఆ గొంతు కోసం.

కింద మూడు సబ్‌లు పెట్టించాను. ముందు మూడూ జనం వైపే ఉంచి వినిపిస్తాను, తర్వాత ఒకటి తిప్పుతాను. రెండుసార్లూ స్టేజి వెనక్కి వచ్చి నిలబడి వినండి.