కట్టర్ కొనేముందు

(జయపురంలో తెలుగు లారీ యజమానులు, డ్రైవర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి వచ్చేవాళ్లే ఇక్కడ ఎక్కువ. క్యాబిన్ నుజ్జయితే లోపలి మనిషిని ఎలా తీస్తామో నేను చెప్పక్కర్లేదు. గునపాలు, గొలుసులు, ఇంకో లారీతో లాగడం. మీరంతా చందాలేసుకుని, నుజ్జయిన బండిని కోసి, విడదీసి మనిషిని బయటికి తీసే హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) పరికరాలు కొనాలనుకోవడం మంచి పనే. మరి కంపెనీవాళ్లు వస్తే ఏం అడగాలి?

మనవాళ్లు ముందు ఎన్ని టన్నుల బలం అనే అడుగుతారు. వాటికి కొరత లేదు. మీ బండిలోని బాటిల్ జాకీ సూత్రమే ఇక్కడా: చిన్న పిస్టన్ నొక్కిన నూనె పెద్ద పిస్టన్‌ను కదుపుతుంది. నెదర్లాండ్స్ కంపెనీ హోల్మాత్రో పరికరాల్లో ఆ ఒత్తిడి 720 బార్. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర బార్ అంతే.

అసలు చిక్కు ఉక్కుతో. 1960ల్లో అమెరికాలో జార్జ్ హర్స్ట్ రేసు కార్లలో ఇరుక్కున్న డ్రైవర్ల కోసం ఇలాంటి పరికరం తలపెట్టినప్పుడు కారు బాడీలు మామూలు ఉక్కువి. ఇప్పుడు చాలా కార్లలో రెండు డోర్ల మధ్య స్తంభానికి బోరాన్ ఉక్కు అనే చాలా గట్టి ఉక్కు వాడుతున్నారు. మనిషిని కాపాడటానికే అది. కానీ పాత కట్టర్‌కు లొంగదు, బ్లేడే పగలొచ్చు. కాబట్టి చౌకగా వస్తోందని సెకండ్ హ్యాండ్‌ది తీసుకోకండి. "కొత్త మోడల్ కారు మధ్య స్తంభం కోసి చూపించండి" అనండి.

నన్నడిగితే మీకు కట్టర్ కన్నా ముందు కావలసింది ర్యామ్ (జాకీలా సాగి నెట్టేది), స్ప్రెడర్ (రెండు దవడలతో సందు విడదీసేది). లారీ ముందు నుంచి గుద్దితే డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ వచ్చి కాళ్ల మీద కూర్చుంటాయి. అక్కడ కోసేదాని కన్నా ముందుకు నెట్టేదే ఎక్కువ. గ్యాస్ కట్టర్ ఉందిగా అంటారేమో. డీజిల్ కారుతున్న చోట, లోపల మనిషి ఉండగా నిప్పు పెడతామా?

పరికరం బ్యాటరీతో నడిచేదా, గొట్టాలతో విడి పంపుకు తగిలించేదా? ఘాటీకి బ్యాటరీదే నా ఓటు. పంపు, గొట్టాలు మోసుకుని లోయలోకి దిగడం మాటలు కాదు. చార్జింగ్ ఎవరు చూస్తారో మాత్రం ఇవాళే తేల్చుకోండి. పంపుదే కొంటే ఒకటి గుర్తుంచుకోండి: లీకును చేత్తో తడమకండి. ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ పాడై ఆపరేషన్ దాకా పోతుంది.

ఏ బండి దగ్గరైనా ముందు చక్రాలకు అడ్డం పెట్టండి, బ్యాటరీ వైరు తీయండి. కారు స్తంభాలు, రూఫ్ అంచు కోసేముందు లోపలి ప్లాస్టిక్ ఊడదీసి చూడండి. ఎయిర్‌బ్యాగ్ గ్యాస్ సిలిండర్ అక్కడే ఉండొచ్చు, దాని మీద బ్లేడు పడకూడదు.

పోలీసు కేసు టెన్షన్ గురించి కూడా అడుగుతారని తెలుసు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్, మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. 112కు ఫోన్ చేయడం మాత్రం మానకండి.

ఈలోగా స్క్రాప్ షాపులో పాత క్యాబిన్ ఒకటి చూసి పెట్టండి. అడ్వాన్స్ ఇవ్వకముందే డెమో దాని మీద జరగాలి, పరికరం మీవాళ్ల చేతికే ఇవ్వాలి. ఇక ప్రశ్నలు అడగండి, ముందు డ్రైవర్లు.