అందమైన కంకులే ఏరితే పోయేదేమిటి: దేశవాళీ జొన్న విత్తన సేకరణపై ప్రసంగం

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

మన నల్లరేగడిలో యాసంగికి వేసే పాత జొన్న చేను ఏకరీతిగా ఉండదు. కొన్ని ముందు పూస్తాయి, కొన్ని వెనకబడతాయి. పేరున్న యాసంగి జొన్న రకం మాల్దండి 35-1 కూడా అలాంటి దేశవాళీ పంటలోంచి సోలాపూర్ జిల్లా మొహోల్‌లో ఏరి తీసినదే. విత్తనానికి పెద్ద కంకులే కోసుకునే అలవాటు తినడానికి బాగుంటుంది, వైవిధ్యానికి మాత్రం చేటు.

జొన్న మొలకలను చంపే మొవ్వు ఈగనే చూడండి. మొలిచిన వారం నుంచి నాలుగో వారం దాకా ఆకు అడుగున తెల్లటి గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు మొవ్వులోకి దిగి పెరిగే కొనను కోసేస్తుంది. నడిమి ఆకు ఎండి, లాగితే ఊడి వస్తుంది. దీన్ని తట్టుకునే మొక్కల్లో చాలావాటికి లేత ఆకులు మెరుస్తాయి, అడుగున నూగు ఉంటుంది. పది పన్నెండు రోజుల మొలకలపై నీళ్లు చిలకరించండి: మెరిసే ఆకుకు నీరు అంటుకుంటుంది, మైనపు పూత ఉన్న మామూలు ఆకు మీద జారిపోతుంది. కోత నాడు కంకిని చూసి ఈ గుణాన్ని పట్టలేం.

హైబ్రిడ్‌కు ఈ నిరోధం గట్టిగా రావాలంటే తల్లి, తండ్రి వరసలు రెండింటిలోనూ ఉండాలి. ఖరీఫ్ తల్లి వరసల్లో చాలావాటికి అది తక్కువ. అందుకే కొత్త రకాలు తయారుచేసే ప్రజనన శాస్త్రవేత్తలు పాత రకాల కోసం వెతుకుతారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తనాలు దాచే జన్యు బ్యాంకులో 40 వేలకు పైగా జొన్న నమూనాలున్నాయి. అన్నింటినీ పరీక్షించడం సాధ్యం కాదు కనుక, 2009లో వాటి వైవిధ్యానికి ప్రతినిధులుగా 242 నమూనాలను ఎంచారు.

మీరు చేయాల్సింది ఇది. గట్లు, పక్క హైబ్రిడ్ చేనుకు ఆనుకున్న సాళ్లు వదిలేయండి. మూలమూలలా నడుస్తూ, మంచీ చెడ్డా చూడకుండా, కనీసం 50 మొక్కల నుంచి ఒక్కో కంకి కోయండి. 100 అయితే ఇంకా మేలు. ప్రతి కంకి నుంచి సమానంగా గింజలు తీసి కలపండి. లేకపోతే నాలుగు పెద్ద కంకులే మొత్తాన్ని మింగేస్తాయి.

జొన్న ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది (స్వపరాగ సంపర్కం), అయినా పరపుప్పొడి మామూలుగా 5 నుంచి 15 శాతం దాకా పడుతుంది. కంకి వదులుగా ఉంటే ఇంకా ఎక్కువ. పక్కన హైబ్రిడ్ ఉంటే పొట్ట దాటి కంకి పైకి రాగానే, పసుపు పుప్పొడి తిత్తులు కనబడకముందే కాగితం సంచి తొడగాలి. పూత కొన నుంచి కిందికి దిగుతుంది. కొన పూసేసి ఉంటే ఆ భాగం కత్తిరించాకే తొడగండి. పూత ముగిశాక రెండు మూడు వారాలకు సంచి తీసేయాలి. మరచిపోతే లోపల చెమ్మకు బూజు పడుతుంది, పురుగూ చేరుతుంది. ప్లాస్టిక్ సంచి అసలు వద్దు.

గింజను నీడలో ఆరబెట్టి, పంటికింద కటుక్కుమన్నాకే గాలి చొరని డబ్బాలో పోయండి. చీటీ మీద ఊళ్లో పిలిచే పేరు, గ్రామం, నేల, విత్తిన నెల, రొట్టెకా చొప్పకా అన్నది రాయండి. సగం మీ దగ్గరే ఉంచుకోండి, మిగతా సగం జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో వారి అకోలా ప్రాంతీయ కేంద్రానికి ఇవ్వవచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతుల రకంగా నమోదుకు మీరే దరఖాస్తు పెట్టుకునే హక్కుంది. దానికీ ఈ చీటీలోని వివరాలే కావాలి.