ఒక్క అంకె తేడా, రెండు వారాల కేబుల్

అందరికీ నమస్కారం అండి. ఈ వీడియో మా బాబాయి కొడుకు కోసం. "అన్నయ్యా, నువ్వు బిగించుకున్న కంప్యూటర్‌కి వైఫై ఎలా పెట్టావో చూపించు" అని నెల నుంచి ప్రాణం తీస్తున్నాడు. ఒరేయ్, చూసుకో.

ఇదిగో, హాల్లో రౌటర్ నుంచి నా గది దాకా పాకిన కేబుల్. మొన్న రాత్రి ఇది కాలికి తగిలి పడబోయాను. అదే మన ఇంట్లో అయితే "ఏమైందిరా" అంటూ నలుగురు పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఇక్కడ నేనే లేచి, నేనే లైటు వేసుకున్నాను. సరే, అది వదిలేయండి.

నా మదర్‌బోర్డు ఏఎండీ ప్రాసెసర్‌ది, ఇంటెల్‌ది కాదు. ఒక డ్రైవ్‌లో విండోస్, ఇంకో దాంట్లో ఉబుంటు, అంటే లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్. బోర్డు మీద వైఫై కార్డుకి ఎం.2 అనే చిన్న స్లాట్ ఉంది. ఇంకేం, ఇంటెల్ ఏఎక్స్ 211 వైఫై కార్డు తెప్పించాను. 210 కన్నా పెద్ద నంబరు కదా, మంచిదేమో అనుకున్నా! స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పట్టింది. రెండు సిస్టమ్‌లలోనూ ఉలుకూ పలుకూ లేదు. తీరా చూస్తే 211లో ఉండేది రేడియో భాగమే, మిగతా పని మదర్‌బోర్డు మీద ఉండే తగిన ఇంటెల్ చిప్‌సెట్ చేయాలట. 210 అయితే మామూలు పీసీఐఈ కార్డు, అంటే అన్ని పనులూ తనే చేసుకునేది, ఏఎండీలోనూ నడుస్తుంది. ఒరేయ్, ఆ ఒక్క అంకె చూసి కొను. అది 210తో మార్చుకునేసరికి నాకు రెండు వారాలు పట్టింది.

యాంటెన్నా వైర్లు రెండు. వాటి కొసలు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. నిటారుగా పెట్టి నొక్కితే టిక్‌మంటుంది. నాకు పదకొండోసారికి టిక్‌మంది.

ఉబుంటు వెంటనే పట్టుకుంది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో 5.10 వెర్షన్ నుంచీ ఈ కార్డుకి సపోర్ట్ ఉంది మరి. విండోస్‌లో డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, లేదు. దాన్ని దించుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. మళ్లీ ఆ కేబులే గుచ్చాను.

అసలు తలనొప్పి బ్లూటూత్. ఉబుంటులో హెడ్‌ఫోన్స్ పెయిర్ చేసి విండోస్‌లోకి వచ్చేసరికి అమ్మ వీడియో కాల్. అమ్మ నోరు కదులుతోంది, మాట లేదు. కార్డు అడ్రస్ రెండు సిస్టమ్‌లకీ ఒకటే, పెయిరింగ్ కీ, అంటే పెయిర్ చేసినప్పుడు పుట్టే రహస్య కోడ్, మాత్రం దేనిది దానిదే. హెడ్‌ఫోన్స్ చివర ఇచ్చిన కీనే గుర్తుపెట్టుకుంటాయి. అందుకని ముందు ఉబుంటులో, తర్వాత విండోస్‌లో పెయిర్ చేసి, విండోస్ కీని ఉబుంటు ఫైల్‌లో రాశాను. ఇప్పుడు రెండింట్లోనూ వస్తోంది.

ఆ, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్, అంటే త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా ఆగకుండా ఉండే సెట్టింగ్, ఆపేయ్. అది ఆన్‌లో ఉంటే ఒక్కోసారి ఉబుంటులో కార్డు మాయమవుతుంది.

కేబుల్ చుట్టేశానండి. పారేయలేదు, డ్రాయర్‌లో పెట్టాను. ఎడిటింగ్‌లో ఆ పడబోయిన ముక్క తీసేయాలి, అమ్మ చూస్తుంది.