స్కూల్ వంటింట్లో బొకాషి డబ్బా: కుళాయి చంపేసింది, కాటా బతికించింది

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, వంటింటి మిగులుని ఊరబెట్టి ఎరువు చేసే ఈ బొకాషి డబ్బాల సెట్టు కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. ఎన్ని లీటర్లు, ధరెంత, ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, మళ్లీ చదవను. మా ఇంట్లో మిగిలేదే ఒక గిన్నెడు, దాంతో ఏం తెలుస్తుంది? అందుకే గుంటూరులో మా పిన్ని వంట చేసే ప్రైమరీ స్కూల్లో, హెడ్మాస్టర్ గారిని అడిగి రెండు నెలలు పెట్టించా.

ఇదివరకు అక్కడ మిగిలిందంతా ఒకాయన గేదెలకి కుడితిగా పట్టుకెళ్లేవాడు. ఆయన గేదెల్ని అమ్మేశాక ఆ బకెట్టు గేటు పక్కనే పులిసి, ఈగలు ముసిరి, పిల్లలు ముక్కు మూసుకుని వెళ్లేవాళ్లు.

బొకాషి అంటే మన ఊరగాయ జాడీ లెక్కే. ఒక పొర మిగులు, పైన గుప్పెడు పొడి, అంటే తవుడు, బెల్లం, సూక్ష్మజీవులు కలిపింది, గట్టిగా అదిమి గాలి చొరకుండా మూత. నిండాక రెండు వారాలు ఊరాలి, తర్వాత మట్టిలో పూడ్చాలి. నేను ఇంతకుముందు మట్టికుండల కంపోస్టర్ వాడా, బాల్కనీ గోడ మీద తెల్ల పురుగులు పాకుతుంటే మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. దీంట్లో ఆ గొడవ లేదు. వాసన కూడా పులిసిన దోసెల పిండి వాసనే. పైన తెల్ల బూజు కడితే కంగారు పడకండి, అది మంచిదే. నల్లగానో, ఆకుపచ్చగానో కడితేనే చెడినట్టు.

ఇక కుళాయి. అబ్బా, ఈ కుళాయి! ఊరేటప్పుడు అడుగున నీరు దిగుతుంది, రెండు మూడు రోజులకోసారి తీసెయ్యాలి, లేదంటే మొత్తం కుళ్లిపోతుంది. లోపల చిల్లుల పళ్లెం ఉంది కదా, ఆ చిల్లులు ఎవరో కూరగాయల తొక్కలు చూసి పెట్టినట్టున్నారు. మన బడుల్లో ఇప్పుడు వండేది సన్నబియ్యం, సాంబారులో నానిన మెతుకు ఆ చిల్లులోంచి జారి నేరుగా కుళాయి గొంతులో కూర్చుంటుంది. చీపురుపుల్లతో పొడిచా, ఊదా, చివరికి గట్టిగా తిప్పితే కుళాయి ఊడి చేతికొచ్చింది, ఆ నీళ్లన్నీ నా చొక్కా మీదే. అప్పట్నుంచి పిన్ని సాంబారన్నం ముందు చిల్లుల బుట్టలో వార్చి అప్పుడు వేస్తోంది, అంటే ఇంకో పని పెరిగింది. మనవాళ్లు తినేదేంటో చూడకుండా డబ్బా ఎలా అమ్ముతారండీ?

కానీ పెట్టెలో ఒక కొక్కెం కాటా కూడా ఇచ్చారు, దాని గురించి ఏ రివ్యూలోనూ చెప్పలేదు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో కాటా చూస్తే ఊరుకుంటామా, రోజూ మిగులు బకెట్టు తూచి గోడ మీద సుద్దముక్కతో రాశాం. మొదటి రోజు 9 కిలోలు. నేను పోపులో కరివేపాకు, గుడ్డు పెంకులు అనుకున్నా, చూస్తే సగానికి పైగా అన్నమే, అదీ ఒకటో తరగతి పళ్లాల్లో. లెక్క చూడండి, ప్రైమరీలో ఒక్కో పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం, ఒకటో క్లాసుకీ అంతే, ఐదో క్లాసుకీ అంతే. ఉడికితే అది రెండింతలు దాటుతుంది, ఆరేళ్ల పిల్ల ఎలా తింటుంది? పిన్ని చిన్న గరిటె తెచ్చింది. ముందు సగమే, ఆకలైతే మారు అడగమంది. ఐదో క్లాసు పిల్లలు మూడోసారి కూడా వచ్చారు, మూడో వారానికి బకెట్టు 4 కిలోల దగ్గర ఆగింది.

కాబట్టి నా మాట, డబ్బాకి పదికి ఐదు, కాటాకి పది. స్కూలుకి కొనాలనుకుంటే ముందు ఏదైనా కొట్లో కాటా ఒక్కటి కొని నెల రోజులు తూచండి, అప్పటికీ మిగిలితే డబ్బా సంగతి చూద్దాం. కంపెనీ వాళ్లూ, వీడియో చూస్తుంటే ఆ కుళాయి మార్చండి. ఇదిగో, ఆ రోజు చొక్కా ఇదే, మూడుసార్లు ఉతికినా మరక పోలేదు.