ఇంట్లో పాట రికార్డింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్? ముందు మీ ఫైళ్ళు యాడ పెడుతుందో చూడండి

అందరికీ నమస్కారం అండి, కావలి నించి మాట్లాడతా ఉండా. మధ్యలో రైలు కూత వినపడితే ఏమనుకోబాకండి, మా ఇల్లు విజయవాడ చెన్నై లైన్‌కి దగ్గర, టేక్ తీసేటప్పుడు కూడా రైలు పోయిందాకా ఆగి మళ్ళీ మొదలుపెడతా.

కామెంట్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే, అన్నా ఏ సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ బాగుంటుంది అని. రికార్డ్ అయ్యేకాడికి అన్నీ ఒకటేనండి. అదే మైకు, అదే ఇంటర్‌ఫేసు (మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా), అదే 24 బిట్ సెట్టింగు పెడితే దేంట్లో తీసినా వేవ్ ఫైల్, అంటే గొంతు రికార్డయి ఉండే ఫైలు, ఒకటే వస్తుంది. మరి తేడా యాడుందంటే, పని ఎంత తేలిగ్గా జరుగుతుంది, మీ ఫైళ్ళు యాడ పెడుతుంది, ఆరు నెల్ల తర్వాత తెరిస్తే అట్టనే తెరుచుకుంటుందా, ఇక్కడ ఉంది. నేను ఈ రివ్యూ మొత్తం దీని మీదనే చేస్తుండా, ఎందుకో చెప్తా.

మా తాత పద్యనాటకాలు ఆడినాయన. కందుకూరు, సింగరాయకొండ పక్క తిరణాళ్ళకి పోయి తెల్లార్లూ ఆడేవాళ్ళు. ఒక ఎండాకాలం హార్మోనియం ముందర పెట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కారతా పదకొండు పద్యాలు పాడించా. తర్వాత ల్యాప్‌టాప్ స్లో అయిందని ఫార్మాట్ కొట్టించాలనుకుని, ప్రాజెక్ట్ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నా. ఫార్మాట్ అయినాక తెరిస్తే ట్రాకులున్నాయి, పేర్లున్నాయి, వాల్యూమ్ నేను పెట్టినట్టే ఉంది, కానీ ట్రాకుల్లో డబ్బాలన్నీ ఖాళీ, ఫైల్ దొరకలేదు అని ఒకటే మెసేజి. గొంతు ఉన్న వేవ్ ఫైళ్ళు డాక్యుమెంట్స్‌లో ఇంకో ఫోల్డర్‌లో ఉండినాయి, అవి ఫార్మాట్‌లో పోయినాయి. తాత మళ్ళీ పాడినాడు, పాపం అన్నీ పాడినాడు, కానీ ఒక పద్యం చివర రాగం తీస్తా తీస్తా పైకి పోయి అక్కడ ఆగినాడే, అది మళ్ళీ రాలేదు. ఇప్పటికీ అది గుర్తొస్తే కడుపులో తిప్పినట్టు ఉంటాది.

అప్పుడే తెలుసుకోవాల్సిన లెక్క ఇది, రాసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో, అంటే ఒకే చానల్‌లో, తీస్తే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఐదు నిమిషాల పద్యం ఒక్క ట్రాకే 43 ఎంబీ. మీ ప్రాజెక్ట్ ఫైల్ 200 కేబీ ఉందంటే దాంట్లో గొంతు లేదు, ఏ ఫైల్ ఏ నిమిషంలో మొదలవ్వాలి, ఎంత సౌండు, ఏ ఎఫెక్టు అని రాసుకున్న కాగితం మాత్రమే అది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు. ఆడాసిటీ ఫ్రీ, ఒక్క గొంతు తీసి కత్తిరించుకోవాలంటే అది చాలు. 2021లో వచ్చిన 3.0 నించి ప్రాజెక్ట్ మొత్తం, ఆడియోతో సహా, ఒకే ఫైల్‌లో పెడుతుంది, కాబట్టి నాకు జరిగినట్టు జరగదు. కానీ మూసేస్తే అన్‌డూ హిస్టరీ, అంటే చేసింది వెనక్కి తీసుకునే వీలు, పోతుంది, ప్రతి కాపీ మళ్ళీ అంతంత సైజు. ఎఫ్ఎల్ స్టూడియో బీట్లు కొట్టుకునే పిల్లలకి బ్రహ్మాండం, ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఫ్రీ. అయితే ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్ళీ తెరవలేరు, రాత్రంతా కూర్చుని చేసింది తెల్లారి తెరుచుకోకపోతే ఎట్టుంటుందో ఆలోచించండి. మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీగానే వస్తుంది, దాంతో మొదలుపెట్టండి, ఇంకేం చూడబాకండి.

నేను ఇప్పుడు వాడేది రీపర్. విన్‌యాంప్ గుర్తుందా, ఇంటర్నెట్ సెంటర్లలో పాటలు వినేవాళ్ళం చూడండి, అది చేసిన జస్టిన్ ఫ్రాంకెల్‌దే ఇది కూడా. 60 రోజులు ఏ అడ్డూ లేకుండా మొత్తం వాడుకోవచ్చు, సేవు ఆగదు, తెరవడం ఆగదు. మనలాంటి ఇంటి వాడకానికి లైసెన్సు 60 డాలర్లు, చిన్న డబ్బు కాదు, నిజమే. ల్యాప్‌టాప్ పాతదైనా పరిగెత్తుతుంది. మొదట్లో మెనూలు చూస్తే భయమేస్తుంది, ఒక వారం ఓపిక పట్టాలి.

నాకు దీంట్లో ప్రాణం ఏందంటే, స్క్రీన్ మీద చూడండి, ఈ ప్రాజెక్ట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరుస్తుండా. మామూలు అక్షరాలు! ఇదిగో ట్రాక్ పేరు హార్మోనియం, ఇదిగో దాని వాల్యూమ్ అంకె, ఇదిగో సోర్స్ అని రాసి కింద వేవ్ ఫైల్ పేరు. అంటే రేపు ఏదన్నా తెగిపోయినా ఏ ఫైల్ యాడ వెతకాలో కంటితో చదువుకోవచ్చు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి గిట్ తెలిసుంటుంది, ఫైళ్ళ పాత వర్షన్లు గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది, దాంట్లో ఈ ఫైల్ పెడితే నిన్నటికీ ఈరోజుకీ ఏ లైను మారిందో చూపిస్తుంది. వేవ్ ఫైళ్ళు మాత్రం అందులో వేయబాకండి, బరువైపోతుంది, వాటికి విడిగా హార్డ్ డిస్క్ పెట్టుకోండి.

ఇక రీపర్‌లో పని చేసే పద్ధతి. రికార్డ్ బటన్ నొక్కకముందే సేవ్ యాజ్ కొట్టండి, ఆ పెట్టెలో కింద ప్రాజెక్టుకి విడి ఫోల్డర్ చెయ్యి, మీడియా అంతా అందులోకి కాపీ చెయ్యి అని రెండు టిక్కులుంటాయి, రెండూ పెట్టండి. సేవ్ చేయకుండా మొదలుపెడితే వేవ్ ఫైళ్ళు పోయి ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో పడతాయి, నా పద్యాలు పోయింది అట్టాంటి చోటనే. ఆ తర్వాత పెద్ద మార్పు ఏది చేసినా, టేకులు ఎంచడం గానీ ఎఫెక్టులు వేయడం గానీ, ఫైల్ మెనూలో సేవ్ న్యూ వర్షన్ అని ఉంటుంది, అది కొడితే పేరు చివర అంకె దానంతటదే పెరుగుతుంది. గొంతు మళ్ళీ కాపీ అవ్వదు, ఆ చిన్న కాగితమే ఇంకోటి తయారవుతుంది, యాభై వర్షన్లు పెట్టినా డిస్కుకి బరువు లేదు. ప్రాజెక్ట్ నోట్స్‌లో ఒక్క ముక్క రాయండి, "ఈ వర్షన్‌లో మూడో టేకు తీసుకున్నా, రివర్బ్ తగ్గించా" అని. రివర్బ్ అంటే గొంతుకి గది మోత లాంటిది కలిపే ఎఫెక్టు. ఆటోసేవ్ ఐదు నిమిషాలకి పెట్టుకోండి, ఎండాకాలం కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లా.

ఇంకోటి, వాడని ఫైళ్ళు తీసేయమనే క్లీన్ ఆప్షన్ జోలికి పోబాకండి. అది ఇప్పుడు తెరిచున్న వర్షన్‌నే చూస్తుంది, మీ పాత వర్షన్‌లో వాడిన టేకు దాని కంటికి చెత్తే. పాట అయిపోయాక ప్రతి ట్రాకునీ సున్నా నించి మొదలయ్యేట్టు విడివిడి వేవ్‌లుగా రెండర్ చేసి, అంటే బయటికి ఫైళ్ళుగా తీసి, పెట్టండి, పదేళ్ళకి ఈ ప్లగిన్లు (ఎఫెక్టులిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉన్నా లేకపోయినా వేవ్ ఫైల్ దేంట్లోనైనా తెరుచుకుంటుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్ ఫోల్డర్‌గానే రెండో చోటికి కాపీ చేసి, ఆ కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి వాయించి చూడండి. నేను ఆరోజు ఈ ఒక్క పని చేసుంటే చాలు.

సరే, తాత రెండోసారి పాడింది ఇది, ఇప్పుడు పద్నాలుగో వర్షన్‌లో ఉంది. మూడో వర్షన్ తెరుస్తుండా, ఎఫెక్టులు ఏం లేవు, మొదట్లో గొంతు సవరించుకుంటాడు, అది నేను తర్వాత కత్తిరించేశా, ఇక్కడ అట్టనే ఉంది. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, ప్లే కొడుతుండా.