బరంపురం పులి, గ్లాస్గో పులి: పసిపిల్లల నాటకానికి టికెట్ ఎంతో తెలిస్తే మా పిన్నిలాగే మీరూ నవ్వుతారు

వినిపిస్తోందా ఢోల్ మోత? బరంపురం అండీ, బడా బజార్ దగ్గర మా పిన్ని వాళ్ళ డాబా మీదున్నాను. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ అమ్మవారి యాత్ర కదా, కింద సందులోకి పులి వేషం వచ్చింది. ఉండండి, కెమెరా తిప్పుతాను. అదిగో, ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, వెనక తోక. ఈ ఎండలో ఆ రంగు కింద ఒళ్ళెంత మండిపోతోందో. మా బాబాయి యాభై కాగితం నేల మీద పెడితే వెనక్కి వంగి పళ్ళతో అందుకున్నాడు చూడండి.

సందులో గుంటలందరూ గోడ వెనక్కి పరిగెత్తారు. మా చిన్నది మాత్రం కదల్లేదు. "అమ్మా, షూస్ విప్పేసి కూర్చోవాలా?" అని అడిగింది. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు! "అదేం ప్రశ్నే?" అంది పిన్ని. దాని పాపం ఏం లేదండీ, అది చూసిన పులి అలాంటిది. ఆ సంగతి వీడియో చెయ్యమని పిన్ని, పులి బొమ్మ పెడితే వ్యూస్ వస్తాయని మావారు. సరే, ఇద్దరి మాటా నెగ్గిస్తున్నాను.

మేముండేది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. అక్కడ బారోలాండ్ బాలే అని ఒక డాన్స్ కంపెనీ ఉంది. నటాషా గిల్మోర్ అనే ఆవిడ నడుపుతారు. వాళ్ళ 'టైగర్ టేల్'లో కథ చిన్నదే. ఒకరినొకరు పట్టించుకోని ఓ కుటుంబం, ఆ ఇంట్లోకి పులి దూరి అంతా తలకిందులు చేస్తుంది. చెప్పేదంతా ఒంటితోనే, డాన్స్‌తోనే. పిల్లలు వెనకెక్కడో కుర్చీల్లో కాదు, ఆట చుట్టూనే కూర్చుంటారు. దాన్నే మార్చి 'ప్లేఫుల్ టైగర్' అని ఇంకోటి చేశారు, ఆటిజం తీవ్రంగా ఉన్న పిల్లల కోసం. అక్కడ పిల్లాడు అరిచాడని, లేచి తిరిగాడని తల్లి మొహం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. వాడెటు పోతే డాన్సర్లు అటే మళ్ళుతారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంకా చిన్నవాళ్ళకీ ఉన్నాయండీ. స్టార్‌క్యాచర్స్ అని ఒక సంస్థ, పుట్టిన పాప దగ్గర్నుంచి ఐదేళ్ళ వరకూ వాళ్ళ పనంతా. తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని చాపల మీద చేరతారు. మా చిన్నదానికి షూస్ విప్పేసి కూర్చోవడం అలవాటైంది ఇలాంటి ఆటల్లోనే. ఆట అయ్యాక బుడతలు పాక్కుంటూ స్టేజీ మీదకే వెళ్ళిపోతారు, అక్కడున్న గుడ్డలూ బొమ్మలూ నోట్లో పెట్టుకుంటారు. ఎవరూ ఏమీ అనరు.

క్యాథరిన్ వీల్స్ అని ఇంకో నాటక సంస్థ, వాళ్ళది 'వైట్' అని 2010లో మొదలైన నాటకం. అందులో మనుషులూ వస్తువులూ అన్నీ తెలుపే, తర్వాత ఒక్కొక్క రంగే వచ్చి చేరుతుంది. రెండేళ్ళ వాళ్ళు అరగంటకి పైగా కన్నార్పకుండా చూస్తారు. లండన్‌లో ఆయిలీ కార్ట్ అని 1981 నుంచీ ఉన్న కంపెనీ అయితే మరీ ముందుకెళ్ళిపోయింది. వైకల్యం ఉన్న పిల్లల కోసం గోరువెచ్చటి నీళ్ళ కొలనులో నాటకం, ట్రాంపొలీన్ మీద నాటకం. వినడం, చూడడం కష్టమైతే తాకి, వాసన చూసి, ఊగి అనుభవిస్తారు.

ఇంక డబ్బుల సంగతి. నాకూ మా చిన్నదానికీ కలిపి టికెట్ 20 పౌండ్లు. మన లెక్కలో 2,300 దాకా. ముప్పావుగంటకి! పార్కింగ్ వేరే. పిన్ని ఇందాక ఏమందో తెలుసా? "ఆ రెండు వేలూ నాకు పంపు, యాత్ర అయ్యేదాకా రోజుకో పులిని మీ అమ్మాయికి వీడియో కాల్‌లో చూపిస్తాను." నిజం చెప్పాలంటే ఆ 20 పౌండ్లతో వాళ్ళకీ గిట్టదు. డాన్సర్లు, లైట్లు, సంగీతం, చూసేదేమో గుప్పెడుమంది పిల్లలు. క్రియేటివ్ స్కాట్లాండ్ అని ప్రభుత్వ సొమ్మూ లాటరీ సొమ్మూ కళలకి పంచే సంస్థ ఉంది, అది ఇస్తేనే నడుస్తాయి. నాకు చిరాకు తెప్పించేది వేరే. నెలల ముందే బుక్ చేసుకోవాలి, ఆ పూటకి పిల్లకి జ్వరం వస్తే అంతే సంగతులు.

అయినా ఎందుకు వెళ్తానంటే, శనివారం పూట మాకు ఇంకెవరింటికి వెళ్ళాలి చెప్పండి. అక్కడ సగం మంది పిల్లలు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వస్తారు. మా చిన్నది వాళ్ళనే చూస్తుంది, నాటకం మొదలయ్యేదాకా.

పిన్నీ, కాఫీ అక్కడ పెట్టేయ్, వస్తున్నా! ఆ అప్పడాల కట్టలు చూశారా? పొద్దున నేను గిరి మార్కెట్‌కి వెళ్ళింది పులి వీడియోకి మెమరీ కార్డ్ కొనడానికి. తెచ్చింది అప్పడాలు, ఆవకాయ, ఇంకో పట్టుచీర. మావారికి చీర సంగతి ఈ వీడియోలోనే తెలుస్తుంది.

బాబాయికి మాత్రం నా మాటలు నచ్చలేదు. "మాకు ప్రహ్లాద నాటకం లేదా? తెల్లారేదాకా గోనె సంచుల మీద కూర్చుని చూశాం" అన్నారు. నిజమే. మన గంజాం జిల్లా ఆస్తి అది. పంతొమ్మిదో శతాబ్దంలో జలంత్ర రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వచ్చిన నాటకం, ఆ జలంత్ర కోట ఇప్పుడు శ్రీకాకుళం వైపు పడింది. మెట్లు మెట్లుగా కట్టిన చెక్క వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఎవరికైనా గుండె దడే. కానీ బాబాయీ, మీరు నరసింహస్వామి వచ్చినప్పుడే కదా లేచేది, మిగతా రాత్రంతా నిద్రే కదా అన్నాను. "అదీ ఒక సుఖమే" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నా కంప్లయింట్ ప్రహ్లాదుడి మీద కాదండీ, స్కూలు యాన్యువల్ డేల మీద. ఇక్కడ పిల్లలు ఆడితే పెద్దలు కుర్చీల్లో కూర్చుని ఫోన్లలో తీసుకుంటారు. అక్కడ పెద్దలు చెమటోడ్చి ఆడితే పిల్లలు చూస్తారు. చివర్లో నీతి కూడా చెప్పరు, పులి ఏం నేర్పిందని ఎవరూ అడగరు.

అందుకే ఆదివారం ఈ డాబా మీదే ఒకటి వేస్తున్నాం. వీధిలో ఐదేళ్ళలోపు గుంటలు పదిమంది మాత్రమే. పిన్ని పాత దుప్పట్లు, మా తమ్ముడి ఢోల్, పులిగా నేను. ఇరవై నిమిషాలు, మాటల్లేవు. పక్కింటావిడకి చెబితే సంతోషంగా వాళ్ళబ్బాయిని పంపుతానంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఫస్ట్ ప్రైజ్ ఏమిస్తారు?" అంది. అందరికీ తలో అప్పడం అన్నాను.